ఓక్ స్టూలుకి కాలు కోయకండి, చీల్చండి

ఓక్ కర్రతో స్టూలు చేద్దామనుకునేవాళ్ళ ప్రశ్నలు ఎక్కువగా అతుకుల చుట్టూ తిరుగుతాయి. ఏ జిగురు మంచిది, బెజ్జం ఎంత లోతుండాలి, స్క్రూ వేయాలా వద్దా. ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ కాలు దుంగలోంచి ఎలా బయటికొచ్చింది? రంపంతో కోశారా, చీల్చారా? చేతితో చేసే ఓక్ స్టూలుకి కాళ్ళు చీల్చిన కర్రతోనే చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇది పాతకాలపు పద్ధతి మీద మమకారంతో అంటున్న మాట కాదు. ఓక్ లోపలి అమరిక చూసినవాళ్ళకి ఇంకో దారి సరైనదిగా కనిపించడం కష్టం.

స్టూలు కాలు మీద పడే భారం నిటారుగా దిగదు. కాలు బయటికి వాలి ఉంటుంది, కూర్చున్న మనిషి కదులుతుంటాడు, ఒక పక్కకి ఒరుగుతాడు, కూర్చుని ఉండగానే స్టూలుని వెనక్కి జరుపుతాడు. ప్రతిసారీ కాలు కొంచెం వంగుతుంది. ఆ వంపుని తట్టుకునేది కర్రలోని నార. కర్ర అంటే పొడవునా సాగే నార పోగుల కట్ట. ఒక్కో పోగు పొడవు దిశలో చాలా బలంగా ఉంటుంది, పోగుకీ పోగుకీ మధ్య పట్టు మాత్రం అంతంతమాత్రమే. అందుకే కర్ర నిలువునా తేలిగ్గా చీలుతుంది, అడ్డంగా విరగాలంటే మొండికేస్తుంది. నార కాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా తెగకుండా ఉన్నంతకాలం ఆ మొండితనం మన పక్షాన ఉంటుంది. మధ్యలో నార పక్కకి జారి కాలు అంచులోంచి బయటపడితే, సరిగ్గా అక్కడే కాలు ఏటవాలుగా చీలి ఊడివస్తుంది.

చెట్టు గీత గీసినట్టు పెరగదు. కాస్త మెలి తిరుగుతుంది, కొమ్మ దగ్గర పక్కకి తప్పుకుంటుంది, గాలికి ఒక వైపు వాలుతుంది. రంపానికి ఇదేమీ పట్టదు, అది తిన్నగా పోతుంది. అందువల్ల చూడ్డానికి చక్కగా, నలుపలకలుగా ఉన్న కోసిన కర్రలో నార ఏ దిశలో పోతోందో పైకి తెలియకపోవచ్చు. అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల కర్రల మీద ప్రచురించిన పుస్తకంలో దీనికి లెక్కలున్నాయి. నార పూర్తిగా తిన్నగా ఉన్న కర్ర వంపు బలాన్ని 100 అనుకుంటే, 20కి 1 వంతున వాలితే 93, 10కి 1 వంతున వాలితే 81, 5కి 1 వంతున వాలితే 55. ఇప్పుడు మన స్టూలు కాలు సంగతి చూడండి. పొడవు 45 సెంటీమీటర్లు, మందం 3.5 సెంటీమీటర్లు అనుకుందాం. 10కి 1 వాలు అంటే ఆ పొడవులో నార 4.5 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. కాలి మందం కంటే అది ఎక్కువ. అంటే ఆ కాల్లో పై నుంచి కింది దాకా పోయే నార ఒక్క పోగు కూడా లేదు! కంటికి ఆ వాలు పెద్దగా కనిపించదు కూడా. చీల్చిన కర్రకి ఈ సమస్యే రాదు, ఎందుకంటే చీలిక నార వెంటే పోతుంది. వేరే దారి దానికి లేదు.

ఈ మాట చాలా రకాల కర్రలకి వర్తిస్తుంది. ఓక్‌కి మరీ వర్తించడానికి కారణం దాని దవ్వరేఖలు. చెట్టు నడుమ నుంచి బెరడు వైపు అడ్డంగా సాగే కణాల వరసలివి. చాలా చెట్లలో కంటికి కనిపించనంత సన్నంగా ఉంటాయి. ఓక్‌లో అలా కాదు, దుంగ కొసని నున్నగా కోసి చూస్తే చక్రం ఆకుల్లా స్పష్టంగా కనిపిస్తాయి. నడుమ నుంచి బెరడుకి నిలువుగా చీల్చినప్పుడు ఓక్ ఆ రేఖల వెంట విచ్చుకుంటుంది. మంచి దుంగ అయితే చీలిన ముఖం దాదాపు చిత్రిక పట్టినంత చదునుగా వస్తుంది, దాని మీద దవ్వరేఖలు వెండి మరకల్లా మెరుస్తాయి. ఖరీదైన ఓక్ సామానులో జనం మెచ్చుకునే ఆ మెరుపు, చీల్చేవాడికి ఎలాగూ దొరుకుతుంది.

ఓక్‌లు సుమారు 500 జాతులున్నాయి. కొయ్యపనివాళ్ళు వాటిని మోటుగా తెల్ల ఓక్‌లు, ఎర్ర ఓక్‌లు అని రెండు గుంపులు చేస్తారు. తెల్ల ఓక్ చేవలో దారునాళాలు టైలోసిస్ అనే పొరలతో మూసుకుపోతాయి, నీరు లోపలికి పోదు. పీపాలకి అదే వాడడానికి కారణం ఇదే. ఎర్ర ఓక్‌లో నాళాలు తెరిచే ఉంటాయి, చిన్న ముక్క తీసుకుని ఒక కొస నుంచి ఊదితే రెండో కొస నుంచి గాలి వస్తుంది. ఇంట్లో వాడే స్టూలుకి రెండూ పనికొస్తాయి. చీల్చడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేనైతే ఎర్ర ఓక్‌నే సూచిస్తాను, అది ఇంకాస్త సులువుగా మాట వింటుంది. ఆరుబయట పెట్టే స్టూలుకి మాత్రం తెల్ల ఓక్ తప్పదు.

దుంగ ఎంచుకోవడంలో చాలామంది తలకిందులుగా నమ్మే విషయం ఒకటుంది. నెమ్మదిగా పెరిగిన చెట్టు కర్ర గట్టిదని అంటారు. ఓక్ విషయంలో అది నిజం కాదు. ఓక్ ప్రతి ఏటా వసంతంలో పెద్ద పెద్ద నాళాలున్న గుల్ల పొర వేస్తుంది, ఆ తర్వాత ఎండాకాలంలో చిక్కటి పొర వేస్తుంది. గుల్ల పొర మందం ఏ ఏడాదైనా దాదాపు ఒకేలా ఉంటుంది. చెట్టు బాగా పెరిగిన ఏడాది అదనంగా వచ్చేదంతా చిక్కటి పొరే. కాబట్టి వలయాలు వెడల్పుగా ఉన్న ఓక్ బరువుగా, బలంగా ఉంటుంది. వలయాలు మిల్లీమీటరు కంటే సన్నంగా ఉన్న కర్రలో గుల్ల పాలే ఎక్కువ. చెక్కడానికి హాయిగా ఉంటుంది, కాళ్ళకి మాత్రం వద్దు. కాళ్ళకి పొడవునా తిన్నగా పెరిగిన, కొమ్మల ముడులు లేని, బెరడు గీతలు మెలి తిరగకుండా నిలువుగా ఉన్న మొదలు భాగం కావాలి. బెరడు మీది గీతలు చూస్తే లోపలి నార ఎటు పోతుందో చాలావరకు ముందే తెలిసిపోతుంది.

ఇక చీల్చడం. దుంగ కొస మీద నడుమ గుండా ఒక ఇనుప చీల, అంటే ఒక అంచు సన్నగా ఉండే ఆప్పు, దిగ్గొడితే పగులు మొదలవుతుంది. ఆ పగులు దుంగ పక్కకి పాకాక అక్కడ ఇంకో చీల, ఆపైన మరొకటి. పచ్చి ఓక్ విచ్చుకునేటప్పుడు వచ్చే చిటపటల్ని వింటూ పని చేయాలి, ఎప్పుడు ఆగాలో అవే చెబుతాయి. రెండు సగాలు, నాలుగు పావులు, ఎనిమిది ముక్కలు, ఇలా ప్రతిసారీ సరిసగానికి చీల్చుకుంటూ పోవాలి. అందులో ఓ సూత్రముంది. చీలికకి రెండు పక్కలా సమానమైన కర్ర ఉంటే అది మధ్యలో నిలుస్తుంది. ఒక పక్క పలచబడితే అటువైపు జారిపోతుంది, ఎందుకంటే పగులు ఎప్పుడూ ఎక్కువ వంగే పక్కకి నడుస్తుంది. జారుతున్నట్టు కనిపిస్తే మందంగా ఉన్న పక్కని కిందికి తిప్పి, దాన్ని నొక్కి వంచాలి. చీలిక మళ్ళీ నడుమకి వస్తుంది. ఈ పనికి ఫ్రో అనే పనిముట్టు ఉంది. పొడవాటి మొద్దు కత్తి, ఒక చివర నిలువుగా నిలబడ్డ కర్ర పిడి. కత్తిని కొయ్యసుత్తితో కొసలోకి దింపి, పిడి పట్టుకుని తిప్పితే ముక్క తెరుచుకుంటుంది. పదును దీనికి అవసరం లేదు, పని చేసేది మెలితిప్పే బలం.

మొట్టమొదటిసారి ఇది చూసినవాళ్ళలో ఒక ఆశ్చర్యం గమనించాను. ఓక్ అంటే రాయిలాంటిదని, మిషన్లు లేకపోతే చేయి పెట్టలేమని వాళ్ళు విని ఉంటారు. ఎండిన ఓక్ పలక విషయంలో ఆ భయం సబబే. అప్పుడే నరికిన ఓక్ వేరు. ఎండు బరువులో 60 నుంచి 80 శాతం దాకా నీరే ఉంటుంది, రెండు పిడుల కత్తి కింద పొడవాటి పొరలుగా లేస్తుంది. కాళ్ళతో తొక్కి ముక్కని పట్టి ఉంచే షేవింగ్ హార్స్ అనే బల్ల మీద కూర్చుని కత్తిని మన వైపు లాగుతూ చెక్కాలి. దుమ్ము ఉండదు, మోత ఉండదు. కత్తి నారని తవ్వుకుంటూ లోపలికి పోతోందంటే అటు నుంచి చెక్కకూడదని అర్థం, ముక్క తిప్పి ఇటు నుంచి చెక్కాలి. ఏ పాఠమూ లేకుండా నార దిశని చేతికి నేర్పేది ఈ కత్తే. అందుకే ఓక్ కొత్తవాళ్ళ కర్ర కాదు అనే మాట నాకు అస్సలు నచ్చదు. కొత్తవాళ్ళకి ఎండు ఓక్ ఇచ్చి, ఆపైన ఆ మాట అనడం అన్యాయం.

చీల్చిన ముక్కల్లో నడి దవ్వ భాగం పారేయాలి, అది ఎండేటప్పుడు తప్పకుండా పగులుతుంది. బెరడు కిందుండే లేత కర్ర కూడా తీసేయాలి. అందులో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు వెతుక్కుంటూ వచ్చేది దానికోసమే. చేవ మాత్రమే మిగలాలి. కాళ్ళని ఎనిమిది పలకలుగా, చివరి కొలత కంటే కాస్త మందంగా చెక్కి, కొసలకి మైనం పూసి, నీడన గాలి తగిలేచోట పెట్టాలి. ఎంతకాలం అని అడగకండి, తూకం వేయండి. రోజూ బరువు తగ్గుతూ పోయి ఒక చోట ఆగిపోతుంది. ఆగిందంటే ఆ గది గాలితో కర్ర సమానమైందని లెక్క.

కర్ర చీల్చి వాడటం ఏదో కొత్తగా పుట్టిన సరదా కాదు. నార్వేలో 1904, 1905లలో తవ్వి తీసిన ఓసెబర్గ్ నౌక 9వ శతాబ్దం తొలినాళ్ళది. దాని పలకలు ఓక్ దుంగల్ని నడుమ నుంచి బెరడుకి చీల్చి చెక్కినవే. సన్నటి పలకలు అలల దెబ్బకి వంగి, విరగకుండా తిరిగి నిలవాలంటే నార తెగకూడదని ఆ పడవలు కట్టినవాళ్ళకి తెలుసు. ఇంగ్లండులో 16, 17 శతాబ్దాల్లో చేసిన ఓక్ స్టూళ్ళు చాలావరకు చీల్చిన కర్రతోనే అయ్యాయి. జిగురు లేదు. బెజ్జంలో, అందులో దూరే కొసలో రంధ్రాలు కొద్దిగా తప్పించి వేసి, కొయ్య మేకు దిగ్గొట్టినప్పుడు అతుకు దానంతటదే బిగుసుకునేలా చేశారు. వాటిలో కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో నిలబడే ఉన్నాయి. అంతదాకా ఎందుకు, 2019లో కాలిపోయిన పారిస్ నోత్ర్ దామ్ చర్చి పైకప్పుని తిరిగి కట్టినప్పుడు పచ్చి ఓక్ దుంగల్ని గొడ్డళ్ళతో చేతితోనే చెక్కి దూలాలు చేశారు. కోరుకుంటే పెద్ద రంపపు మిల్లులు వాళ్ళకి దొరకనివి కావు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో న్యాయమైనది ఒకటే. దుంగ ఎక్కడ దొరుకుతుంది? అందరికీ అందుబాటులో ఉండేది కోసిన, బట్టీలో ఎండబెట్టిన పలకే. ఒప్పుకుంటాను. అప్పుడు కూడా నార వెంట వెళ్ళడానికి మార్గముంది. పలక నుంచి కాలికి కావలసిన పొడవు ముక్క కోసి, దాని అంచుని ఉలితో, కొయ్యసుత్తితో చీల్చండి. చీలిన గీత ఎటు పోయిందో అదే నార దారి. ఆ గీతకి సమాంతరంగా మిగతా ముక్కల్ని రంపంతో కోసుకోవచ్చు. పక్క ముఖం మీద కూడా అదే పరీక్ష చేయాలి, ఒక ముఖం మీద తిన్నగా ఉన్న నార రెండో ముఖం మీద వాలి ఉండడం మామూలే. ఇలా చేస్తే సగం పలక పనికిరాకుండా పోవచ్చు. పోనివ్వండి. ఆ ముక్కలతో చీలలు, మేకులు చేసుకోవచ్చు. కాలుగా చేసి మనిషిని కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

రెండో అభ్యంతరం జిగురు. ఇప్పటి జిగుర్లు కర్రకంటే గట్టివి, ఇంకా నార గురించి ఈ గొడవంతా ఎందుకు అంటారు. రెండు పలకల్ని పొడవు అంచుల వెంట అతికించినప్పుడు ఆ మాట నిజమే, విరిస్తే జిగురు పక్కన కర్ర విరుగుతుంది. స్టూలు కాలి విషయం వేరు. మొదటిది, గుండ్రటి బెజ్జం గోడలో సగం దాకా నార కొసలే ఉంటాయి, కొసల మీద జిగురు పట్టు తక్కువ. రెండోది, ఏడాది పొడవునా కాలూ పీఠమూ వేర్వేరు దిశల్లో ఉబ్బుతూ కుంచించుకుంటూ ఆ జిగురుని నలుపుతుంటాయి. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. కాలి మధ్యలో నార తెగి ఉంటే ఆ లోపాన్ని అతుకులో పోసిన ఏ జిగురూ బాగుచేయలేదు. నేను కూడా అతుకులో జిగురు రాస్తాను. దాని మీద ఆధారపడను.

ఎన్ని కాళ్ళు అన్నది తర్వాతి పేచీ. నేను మూడు కాళ్ళ పక్షం, అయితే హద్దులతో. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి కాబట్టి ముక్కాలిపీట ఎంత గతుకుల నేల మీదైనా ఊగదు. ఇది అందరూ చెప్పేదే. చెప్పనిది ఇంకో సగం. పాదాలు 22 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం మీద ఉన్నాయనుకోండి. నాలుగు కాళ్ళయితే పక్కపక్క పాదాల్ని కలిపే గీత నడుమ నుంచి 15.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మూడు కాళ్ళయితే 11 సెంటీమీటర్లే. కూర్చున్న మనిషి బరువు ఆ గీత దాటితే స్టూలు తిరగబడుతుంది. 32 సెంటీమీటర్ల వెడల్పు పీఠానికి అంచు నడుమ నుంచి 16 సెంటీమీటర్లు, అంటే ముక్కాలిపీటలో కాలికీ కాలికీ మధ్య అంచు 5 సెంటీమీటర్లు గాల్లో ఉన్నట్టే. అందుకే మూడు కాళ్ళని బాగా వాల్చాలి, ఎత్తు 45 సెంటీమీటర్లు దాటనివ్వకూడదు. అంతకంటే ఎత్తు స్టూలుకి నాలుగు కాళ్ళు, వాటిని కలిపే అడ్డకర్రలు పెట్టాలి. ముక్కాలిపీట ఎక్కి నిలబడి అటక మీద వస్తువులు తీయడం ఎంతమాత్రం చేయకూడదు.

కాళ్ళ వాలు లెక్క కట్టడానికి భయపడనక్కర్లేదు. పీఠం అడుగున నడుమ నుంచి మూడు గీతలు 120 డిగ్రీల ఎడంతో గీయండి. నడుమ నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర బెజ్జాలు. పాదం 22 దగ్గర ఉండాలంటే, పీఠం కింద 40.5 సెంటీమీటర్ల ఎత్తులో కాలు 11 సెంటీమీటర్లు బయటికి పోవాలి. కోణం దాదాపు 15 డిగ్రీలు. స్లైడింగ్ బెవెల్‌ని, అంటే కావలసిన కోణానికి బిగించుకునే కొలత పనిముట్టుని, ఆ కోణానికి బిగించి, ఆ గీత మీదే నిలబెట్టి, దానికి సమాంతరంగా బరమా తిప్పితే చాలు. కాలు గీత వెంటే వాలుతుంది కాబట్టి రెండో కోణంతో పని లేదు.

ఆ మూడు గీతల్ని పీఠం నారకి ఎలా అమర్చాలన్నది చిన్న విషయంలా ఉంటుంది, పీఠం పగలడం, పగలకపోవడం మాత్రం దాని మీదే ఉంటుంది. ఒక గీత పీఠం నడుమ నార మీదే ఉండేలా తిప్పండి. అప్పుడు మిగతా రెండు బెజ్జాలు ఆ నడి గీతకి అటూ ఇటూ 9.5 సెంటీమీటర్ల దూరంలో పడతాయి, మూడు బెజ్జాలూ మూడు వేర్వేరు నార వరసల మీద ఉంటాయి. అలా కాకుండా ఒక గీతని నారకి అడ్డంగా పెడితే మిగతా రెండు బెజ్జాలూ ఒకే నార వరస మీద పడతాయి. కాలి కొసల్ని బిగించడానికి ఆ బెజ్జాల్లో దిగ్గొట్టే రెండు చీలలు ఒకే వరసని విడదీయడానికి చూస్తాయి. ఓక్ ఎంత ఇష్టంగా చీలుతుందో పైన చెప్పాను కదా. కాళ్ళలో మనకి వరమైన గుణం పీఠంలో ప్రమాదం.

అతుకుకి నా ఓటు కోన్ ఆకారానికి. 45 మిల్లీమీటర్ల మందం పీఠంలో బెజ్జం అడుగున 23 మిల్లీమీటర్లు, పైన 18 మిల్లీమీటర్లు ఉండేలా రీమర్ అనే కోన్ ఆకారపు పనిముట్టుతో తొలిస్తారు. కాలి పైకొస కూడా అదే వాలుతో చెక్కుతారు. కూర్చున్న ప్రతిసారీ బరువే కాలిని లోపలికి బిగిస్తుంది, ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు నాకు తెలియదు. బిగించే ముందు కాలి కొసల్ని వేడి ఇసుకలో గుచ్చి బాగా ఎండబెట్టాలి. పీఠం మామూలు తేమలో ఉండాలి. బిగించాక కొస గాల్లోని తేమ తాగి ఉబ్బి, బెజ్జం గోడని పట్టుకుంటుంది.

ఎంత బిగువైతే అంత మంచిదనుకుని ఇక్కడ అతి చేసేవాళ్ళున్నారు. దాని ఫలితం ఎదురుగా ఉంటుంది. కదలడానికి చోటు లేక ఉబ్బే కొస తన నారనే తాను నలిపేసుకుంటుంది, మళ్ళీ ఎండినప్పుడు మొదటికంటే సన్నబడి వదులవుతుంది. దీనికి ఓక్‌లో ఒక అందమైన పరిష్కారముంది. ఓక్ వలయాల వెంట ఉబ్బేది ఎక్కువ, దవ్వరేఖల వెంట ఉబ్బేది దాదాపు అందులో సగం. పీఠంలో నార కొసలున్న గోడ గట్టిది, పక్క గోడ తేలిగ్గా చీలేది. కాబట్టి కాలి కొసలోని వలయాల గీతలు పీఠం నారకి సమాంతరంగా ఉండేలా తిప్పితే, ఎక్కువ ఉబ్బు గట్టి గోడ మీద పడుతుంది, తక్కువ ఉబ్బు మెత్తటి గోడ మీద పడుతుంది. అలా తిప్పినప్పుడు దవ్వరేఖలు పీఠం నారకి అడ్డంగా వస్తాయి. చీల దిగ్గొట్టాల్సినది కూడా సరిగ్గా ఆ దిశలోనే, అప్పుడే పీఠం చీలకుండా ఉంటుంది. కొస ఎటు సులువుగా విచ్చుకుంటుందో, చీల అటే పోతుంది. మూడు అవసరాలు ఒకే దిశలో కలవడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది. కోసిన కర్రతో ఈ సౌకర్యం కావాలంటే, ముక్కలో వలయాలు ఎటున్నాయో చూసి ఏరుకోవాలి. చీల్చిన ముక్కలో అది పుట్టుకతోనే ఉంటుంది.

పీఠం విషయంలో నేను పట్టుదల తగ్గిస్తాను. 32 సెంటీమీటర్ల వెడల్పు పీఠాన్ని చీల్చి తీయాలంటే చాలా లావు దుంగ కావాలి, కోసిన పలకే వాడుకోవచ్చు. పీఠం కాలంతగా వంగే భారం మోయదు, కాబట్టి నార కాస్త వాలినా నష్టం లేదు. ఎలా కోసిన పలక అన్నది మాత్రం చూడాలి. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి అమెరికా తెల్ల ఓక్ వలయాల వెంట సుమారు 10.5 శాతం, దవ్వరేఖల వెంట సుమారు 5.6 శాతం కుంచించుకుంటుంది. ఇంట్లో ఉన్న కర్రలోని తేమ 12 శాతం నుంచి 6 శాతానికి తగ్గిందంటే మామూలుగా కోసిన పలకతో చేసిన పీఠం అడ్డంగా దాదాపు 7 మిల్లీమీటర్లు, దవ్వరేఖల వెంట కోసినదైతే దాదాపు 3.5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పొడవు దిశలో మార్పు లెక్కలోకి రాదు. అంటే గుండ్రటి పీఠం కొన్నాళ్ళకి కోలగా మారడం ఖాయం. అడుగున అడ్డంగా బద్దలు పెట్టి స్క్రూలతో బిగించి ఆ కదలికని ఆపాలని చూస్తే పీఠం పగులుతుంది. కదలనివ్వాలి.

స్క్రూల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఓక్‌లో టానిన్ మెండుగా ఉంటుంది, తడిలో ఇనుము తగిలితే నల్లటి నీలం మరక పడుతుంది. ఓక్ చెట్టుకి పురుగుల వల్ల లేచే బుడిపెల (మాచికాయల) నుంచి, ఇనుప లవణాల నుంచి శతాబ్దాలపాటు రాతసిరా చేసింది ఈ గుణంతోనే. పచ్చి ఓక్ చెక్కేటప్పుడు పనిముట్లు, చేతులు నల్లబడేదీ ఇందుకే. ఆక్సాలిక్ ఆమ్లంతో మరక పోతుంది. ఇనుమే లేని స్టూలుకి ఆ బాధే లేదు.

పైపూతకి అవిసె నూనె చాలు. పలచగా రాసి, అదనంగా ఉన్నది తుడిచేయాలి. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటికి దానంతటదే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరనివ్వాలి, లేదంటే నీళ్ళలో ముంచాలి.

కాళ్ళకి ఇసుక కాగితం పెట్టొద్దని మాత్రం బతిమాలతాను. కత్తి తీసిన ఎనిమిది పలకలు అలాగే ఉంచితే వెలుగు వాటి మీద విరుగుతూ నార ఎటు సాగిందో చూపిస్తుంది. పాదాల అంచుల్ని మాత్రం ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే నేల మీద ఈడ్చినప్పుడు నార పైకి చీలుతుంది. చీల్చిన మూడు కాళ్ళలో ఒకటి కాస్త వంపుగా ఉండడం మామూలే, ఎందుకంటే చెట్టు అక్కడ అలా పెరిగింది. దాన్ని తిన్నగా చేయాలని చెక్కితే ఇంత శ్రమపడి కాపాడుకున్న నారని మనమే తెంపినట్టు. కొస బెజ్జంలో సరిగ్గా కూర్చుని, పాదం ఉండాల్సిన చోట ఆనితే ఆ వంపు వల్ల ఏ లోటూ లేదు. నేను దాన్ని బయటి వైపుకి తిప్పి బిగిస్తాను.